మాంగా చూసి నేర్చుకున్న చేతితో శ్రీకాకుళం తీరం కథ గీయొచ్చా?

ముందు మీ ప్రశ్నని రెండు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్ళకి కూడా తెలుస్తుంది. మీ ఊరు శ్రీకాకుళం దగ్గర. మాంగా, అంటే జపాన్ కామిక్స్, చూసి చూసి బొమ్మలు నేర్చుకున్నారు. సముద్రం ముందుకొచ్చి ఊళ్ళు మునిగిపోయిన రోజుల్లో జరిగే సైన్స్ ఫిక్షన్ కథని సొంతంగా సిరీస్‌గా వేద్దామని ఎనిమిది పేజీలు గీశారు. చూసినవాళ్ళంతా "బాగుంది గానీ జపాన్ బొమ్మల్లా ఉన్నాయి" అన్నారు. మాంగా మానేసి చందమామ బొమ్మలో, బాపు గీతో మొదటినుంచి నేర్చుకోవాలా? బయట సొంతంగా కామిక్స్ వేసినవాళ్ళు ఈ ప్రభావాల సంగతి ఎలా చూసుకున్నారు? ఇదీ మీరడిగింది.

మానక్కర్లేదు. ఇన్నేళ్ళు నేర్చిన చేతిని పక్కన పడేస్తే మీకు మిగిలేది వణికే గీత ఒక్కటే. నేను విజయనగరంలో ఉంటూ చాలా ఏళ్ళుగా నలుపు తెలుపులో ఒక సైన్స్ ఫిక్షన్ కామిక్ గీసి, సొంత డబ్బుతో అచ్చు వేసుకుంటున్నాను. ఆ అనుభవంతో గట్టిగా చెప్పగలిగిన మాట ఇదీ. మీ పేజీలు జపాన్ పేజీల్లా కనపడటానికి మీ గీత కారణం తక్కువ. మీరు గీసిన వస్తువులు, మనుషులు, వాళ్ళు నిలబడే తీరు కారణం ఎక్కువ. గీతని ఎవరి దగ్గరైనా నేర్చుకోండి. చూడటం మాత్రం మీ ఊళ్ళో చూడండి. అలా చేస్తే ఆరేడు నెలల్లో ఆ గీత తనంతట తనే మారుతుంది.

మీరు పెట్టిన మూడో పేజీయే తీసుకుందాం. వీధి చివర కరెంటు స్తంభం ఉంది. గుండ్రటి స్తంభం, దానికి పైన డబ్బాలాంటి ట్రాన్స్‌ఫార్మర్. అది టోక్యో వీధి స్తంభం. మన దగ్గర ఉండేది పలకల సిమెంటు స్తంభం. ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండు స్తంభాల దిమ్మ, చుట్టూ ఇనప కంచె, దాన్ని అల్లుకున్న తీగ మొక్కలు. ఐదో పేజీలో ముసలాయన వలని బాగు చేస్తూ రెండు మోకాళ్ళ మీద వంగి కూర్చున్నాడు. అది జపాన్ వాళ్ళ కూర్చోవడం. మన జాలరి ఇసకలో కాళ్ళు బారజాపి, కాలి బొటనవేలికి వల తగిలించి లాగి పట్టుకుని కుడతాడు. ఈ రెండూ మార్చి, ఒక్క గీత కూడా వేరే రకంగా వేయకుండా ఆ పేజీలు మళ్ళీ గీసి చూడండి. చూసినవాళ్ళు జపాన్ మాట ఎత్తరు.

ఇక "జపాన్ శైలి" అనేది అసలు ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. ఆ పెద్ద పెద్ద కళ్ళు జపాన్‌లో పుట్టినవి కావు. 1952లో ఆస్ట్రో బాయ్ అనే మాంగా మొదలుపెట్టిన ఒసాము తెజుకా డిస్నీ బొమ్మలంటే పడి చచ్చేవాడు. అమెరికా కార్టూన్ కళ్ళు ఆయన చేతిలో మాంగా కళ్ళు అయ్యాయి. తర్వాత వచ్చిన కత్సుహిరో ఒతోమో ఆ కళ్ళని వదిలేసి, తన చుట్టూ ఉన్న జపాన్ వాళ్ళ మొహాల్ని ఉన్నవి ఉన్నట్టు గీశాడు. చిన్న కళ్ళు, వెడల్పు మొహాలు, పొట్టి మెడలు. 1982 నుంచి 1990 దాకా వచ్చిన అకిరా, రెండు వేల పైచిలుకు పేజీలు, మీరు ఇష్టపడే పుస్తకమే కదా, మళ్ళీ తీసి మొహాలు మాత్రం చూడండి. జపాన్ వాడే జపాన్ మొహాన్ని కొత్తగా చూడాల్సి వచ్చింది. మన మొహాన్ని చూడటానికి మనకెందుకు మొహమాటం?

ఒతోమో మీద బలంగా పడ్డ ప్రభావం ఒక ఫ్రెంచి చిత్రకారుడిది. అసలు పేరు జాన్ జిరో, కలం పేరు మోబియస్ (1938-2012). సైన్స్ ఫిక్షన్ కామిక్స్ గీసేవాళ్ళలో ఆయన నీడ పడనివాళ్ళు అరుదు. ఆయన మొదట్లో గీసింది రాకెట్లు కాదు, గుర్రాలు. జిజే అనే పెద్ద చిత్రకారుడి దగ్గర పనిచేసి, 1963 నుంచి బ్లూబెరీ అనే కౌబాయ్ సిరీస్ కుంచెతో గీసేవాడు. 1974 చివర్లో మరి ముగ్గురితో కలిసి సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. 1975లో వాళ్ళ పత్రిక మెతాల్ ఉర్లాఁ మొదలైంది. అందులోనే ఆర్జాక్ వచ్చింది. ఒక్క మాట కూడా లేని కథలు. ఒక మనిషి, ఒక తెల్లటి ఎగిరే జీవి, కింద ఖాళీ నేల. అంతే.

ఆ ఖాళీ నేల ఎక్కడిది? కుర్రతనంలో ఆయన మెక్సికోలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళి కొన్ని నెలలు గడిపాడు. అక్కడి ఎడారి, ఆ ఆకాశం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. అందరూ వేరే గ్రహం అనుకునే ఆ బయలు ఆయన కళ్ళారా చూసిన నేలే. మోబియస్‌ని అనుకరించేవాళ్ళలో నూటికి తొంభై మంది ఆయన సన్నటి గీతనీ, చుక్కల నీడల్నీ పట్టుకుంటారు. ఎడారిని చూసిన కుర్రాణ్ణి పట్టుకోరు.

మనకి మెక్సికో అక్కర్లేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నౌపడ ఉప్పు మడుల దగ్గరికి వెళ్ళి నిలబడండి. తెల్లగా, చదునుగా, కంటికి అడ్డం ఏమీ లేకుండా. దూరంగా ఉప్పు కుప్పలు, మధ్యలో గట్టు మీద నడిచే ఒక మనిషి. నీడ కాళ్ళ కిందే ఉంటుంది, కాబట్టి నలుపు వేయడానికి చోటే దొరకదు. ఆ వెలుతురుని కాగితం మీదకి తేవాలంటే సన్నటి గీత తప్ప వేరే దారి లేదని అక్కడ నిలబడితే అర్థమవుతుంది. అప్పుడు ఆ గీత మోబియస్ దగ్గర తెచ్చుకున్న అలంకారంలా ఉండదు, మీకు అవసరమైన పనిముట్టు అవుతుంది. నా కామిక్‌లో అంతరిక్ష నౌకలు దిగే మైదానం ఆ ఉప్పు మడులే.

జపాన్ యానిమేషన్ సినిమాలు తీసే హయావో మియజాకి సంగతి కూడా ఇలాంటిదే. ఆయన గీసిన నౌసికా మాంగా 1982 నుంచి 1994 దాకా మధ్యమధ్యలో ఆగుతూ సాగింది. ఆర్జాక్ తన మీద ఎంత పనిచేసిందో ఆయనే చెప్పుకున్నాడు. 2004లో పారిస్‌లో ఇద్దరి బొమ్మలూ కలిపి ప్రదర్శన కూడా పెట్టారు. మోబియస్ తన కూతురికి నౌసికా అని పేరు పెట్టుకున్నాడు. కానీ ఆ కథలోని విషపు అడవి వెనక ఉన్నది జపాన్‌లోని మినమాటా సముద్రతీరం. ఫ్యాక్టరీ వదిలిన పాదరసంతో అక్కడ చేపలూ, వాటిని తిన్న మనుషులూ ఏమయ్యారో లోకానికి తెలుసు. గీతలో కొంత ఫ్రాన్స్ నుంచి వచ్చింది, బాధ మాత్రం సొంత తీరానిది. కిడ్నీ జబ్బుతో ఎంతోమంది మంచాన పడ్డ ఉద్దానం మన జిల్లాలో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో కొబ్బరి తోటల్ని నేలకూల్చిన పలాస, వజ్రపుకొత్తూరు మన దగ్గరే ఉన్నాయి. ప్రళయం తర్వాతి లోకం ఎలా ఉంటుందో మన జిల్లా పిల్లాడు ఇంకో దేశం కామిక్‌లో వెతుక్కోనక్కర్లేదు. అయితే ఒక జాగ్రత్త. బతికున్నవాళ్ళ కష్టాన్ని కథకి రంగుగా వాడకండి. ఆ ఊళ్ళ మనుషులతో మాట్లాడి, వాళ్ళు నవ్వే మాటలు కూడా తెలిశాకే గీయండి.

సొంతంగా వేసుకున్న సిరీస్‌ల గురించి అడిగారు కాబట్టి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆక్స్‌నార్డ్ అని పొలాల ఊరు. అక్కడి హెర్నాండెజ్ అన్నదమ్ములు, గిల్బర్ట్, హైమే, మారియో, 1981లో సొంత ఖర్చుతో లవ్ అండ్ రాకెట్స్ మొదటి సంచిక వేశారు. మరుసటి ఏడాది ఫాంటాగ్రాఫిక్స్ అనే ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది. మొదట్లో హైమే గీసిన కథల్లో రాకెట్లు బాగు చేసే మెకానిక్ అమ్మాయి ఉంటుంది, పేరు మ్యాగీ. రోబోలు, డైనోసార్లు కూడా ఉంటాయి.

హైమే గీత ఎక్కడిదని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆర్చీ కామిక్స్‌లో అమ్మాయిల బొమ్మలు గీసిన డాన్ డికార్లో, డెనిస్ ద మెనేస్ గీసిన హాంక్ కెచమ్. శుభ్రమైన, నవ్వు పుట్టించే గీతలు. పైన జాక్ కిర్బీ సూపర్‌హీరోల ఊపు. సైన్స్ ఫిక్షన్‌కి ఏ మాత్రం పొత్తు కుదరనట్టు కనిపించే గురువులు. ఆ గీతతో ఆయన గీసింది మాత్రం తన వీధి. మెక్సికన్ కుటుంబాల ఇళ్ళు, ఆ అమ్మాయిల జుట్టు, అప్పటి పంక్ సంగీతం కచేరీలు. అందుకే ఆర్చీ చదివినవాళ్ళు ఎవరూ దాన్ని ఆర్చీ నకలు అనలేదు. రాకెట్లు క్రమంగా తగ్గిపోయాయి, వీధి మిగిలింది, మ్యాగీ కళ్ళముందే వయసు పెరుగుతూ దశాబ్దాలు నడిచింది. సొంతంగా వేసుకోవడంలో ఉన్న లాభం అదే. కథ ఎటు పెరగాలంటే అటు పెరగనివ్వొచ్చు, అడ్డు చెప్పే ఎడిటరు ఉండడు.

ఒక్కొక్కరి దగ్గర ఒక్కటే తీసుకోండి. నేను పాటించే పద్ధతి ఇది. ఒకే చిత్రకారుడి దగ్గర మొహాలు, నీడలు, పేజీ అమరిక, యంత్రాలు అన్నీ తీసుకుంటే అది నకలు. ఒతోమో దగ్గర కట్టడాలు కూలే తీరు, మోబియస్ దగ్గర ఖాళీ, హైమే దగ్గర నలుపుని పెద్ద ముక్కలుగా వాడటం, ఇలా తలా ఒకటి తీసుకుంటే వాటిని కలిపి కుట్టాల్సిన పని మీ మీద పడుతుంది. ఆ కుట్టడంలోనే మీ చేయి బయటపడుతుంది. మీ గురువుల గురువులెవరో కూడా వెతకండి. రెండు మెట్లు వెనక్కి వెళ్తే దొరికే సరుకు ఎక్కువ.

ఇప్పుడు మన గురువుల దగ్గరికి వస్తాను. మొదటినుంచి వీళ్ళని నేర్చుకోవాలా అన్నారు. అంత అవసరం లేదు. కానీ మీ ఊరికి అంత దగ్గర ఉండి వడ్డాది పాపయ్యని చూడకపోవడం మాత్రం నాకు బాధగా ఉంది. 1921లో శ్రీకాకుళంలో పుట్టినవాడు. తండ్రి డ్రాయింగు మాస్టారు. "వ.పా." అన్న సంతకంతో చందమామ అట్టల మీదా, యువ పత్రికలోనూ ఆయన వేసిన బొమ్మలు ఒకప్పుడు ఇళ్ళలో ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకునేవారు. ఆయన కూడా చిన్నప్పుడు రవివర్మ బొమ్మలు చూసి దిద్దుకున్నవాడే. రవివర్మేమో యూరప్ తైలవర్ణ పద్ధతిని తెచ్చుకున్నవాడు. చూశారా, ఇక్కడ కూడా గొలుసే. వ.పా. దగ్గర సైన్స్ ఫిక్షన్ వాడికి దొరికేది వెలుతురు. ఆయన బొమ్మలో నీడ అంటే నలుపు ఉండదు, నీడకీ ఒక రంగు ఉంటుంది. వెన్నెల ఒక రంగు, దీపం ఇంకో రంగు, రెండూ ఒకే మొహం మీద పడతాయి. రెండు చంద్రులున్న గ్రహాన్ని గీయాలంటే నాకు తెలిసిన గొప్ప పాఠం అది. మీరు అట్టబొమ్మ రంగుల్లో వేస్తానన్నారు కదా, దానికి వ.పా. ని పక్కన పెట్టుకోండి.

చందమామలోనే "చిత్ర" అని సంతకం చేసే చిత్రకారుడున్నాడు, టి. వీరరాఘవన్. దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలకి బొమ్మలు వేసింది ఆయనే. తోకచుక్క, రాకాసిలోయ లాంటివి. వింత జంతువులు, కొండ గుహలు, మొసలి తలల మనుషులు. అచ్చంగా వేరే గ్రహాలే, కాకపోతే రాకెట్టుకి బదులు గుర్రం. చిన్న చతురస్రంలో పది మంది మనుషుల్ని ఎవరు ఎవరో తెలిసేలా నిలబెట్టడం ఆయన దగ్గర చూడండి. మాంగాలో ఒక్కో చట్రంలో (పేజీలోని ఒక్కో బొమ్మ గడిలో) ఒకరో ఇద్దరో ఉంటారు, గుంపుని నిలబెట్టే పాఠం అక్కడ తక్కువ. మన కథల్లోనేమో ఏది జరిగినా ఊరంతా పోగవుతుంది.

బాపు గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను ఒక్కటే చెప్పి ఊరుకుంటాను. ఆయన చేతిరాత చూడండి. అక్షరం కూడా బొమ్మలో భాగమేనని తెలుగు కామిక్ గీసేవాడికి అంతకంటే బాగా చెప్పేవాళ్ళు లేరు.

ఇంకొక గురువు ఉంది, పుస్తకంలో దొరకదు. సీతంపేట వైపు సవర గూడేల్లో గోడల మీద వేసే బొమ్మలు. ఎర్రమట్టి అలికిన గోడ మీద తడిపిన వరిపిండితో వేస్తారు. ముందు చుట్టూ అంచు గీస్తారు, తర్వాత లోపల్ని నింపుతూ వస్తారు. అంచు లోపల వరసలు, గదులు. ఒక్కో గదిలో ఒక్కో పని జరుగుతూ ఉంటుంది. నాట్యం, వేట, చెట్టు ఎక్కడం, ఏనుగు మీద ఊరేగింపు. కామిక్ పేజీ అంటే ఇదే కదా అని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

అంతకంటే గొప్ప సంగతి ఇంకోటి ఉంది. గిరిజనుల మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ ఒడిశా వైపు సవర గూడేల్లో తిరిగి 1955లో వేసిన పుస్తకంలో ఈ బొమ్మల నకళ్ళున్నాయి. వాటిలో విమానాలున్నాయి, రైళ్ళున్నాయి, సైకిళ్ళున్నాయి. దేవతలూ పితరులూ తిరిగే లోకంలోకి యంత్రం కూడా వచ్చి చేరింది, నెమలి పక్కనే నిలబడింది. కొత్త యంత్రాన్ని పాత లోకంలో ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే సైన్స్ ఫిక్షన్ గీసేవాడి మొదటి చిక్కు. ఆ చిక్కుని మన కొండల మీద మనకంటే ముందే విప్పేశారు.

ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పాలి. ఆ బొమ్మలు అలంకారం కోసం వేసినవి కావు, అవి పూజ. ఇంట్లో జబ్బు చేసినా, పితరులకి పెట్టుకున్నా, పంట చేతికొచ్చినా వేసేవి. కాబట్టి ఆ మనిషి ఆకారాల్ని ఎత్తుకొచ్చి మీ నౌక మీద డిజైనుగా అంటించకండి. అంచు ముందు గీయడం, పేజీ అంతటినీ ఒకే ఇల్లుగా చూడటం, బరువూ కిందా పైనా పట్టించుకోకుండా మనుషుల్ని పరచడం, ఇలా ఆలోచనని నేర్చుకోండి. బొమ్మ యథాతథంగా కావాలంటే వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, అడిగి, డబ్బిచ్చి వేయించుకుని, పుస్తకంలో వాళ్ళ పేరు వేయండి.

యంత్రాలకి రండి. మీ పేజీల్లో అన్నిటికంటే బలహీనం యంత్రాలే, ఎందుకంటే అవి ఇంకొకరి యంత్రాలు. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం చూసే ఉంటారు. దసరా వెళ్ళిన తర్వాతి మంగళవారం. యాభై అడుగుల పైబడిన చింతమానుని బండి మీద అమర్చి, ఆ చివర ఆకాశంలో పూజారిని కూర్చోబెట్టి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, జాలరివల, అంజలి రథం, తెల్ల ఏనుగు నడుస్తాయి. భక్తితో దణ్ణం పెట్టుకోండి, తర్వాత చిత్రకారుడి కళ్ళతో చూడండి. అంత పొడుగు మాను ఎక్కడ బండికి తగులుతోంది, ఇటు చివర బరువు ఎలా కట్టారు, మలుపు తిరిగేటప్పుడు తాళ్ళు ఎవరెవరు పట్టుకుంటున్నారు. నా కామిక్‌లో మునిగిన ఊళ్ళ మీద కాపలా తిరిగే యంత్రానికి పొడుగాటి చెయ్యి, దాని చివర ఒంటరిగా ఒక మనిషి ఉంటారు. అది ఎక్కడినుంచి వచ్చిందో మన వైపు పాఠకులకి చెప్పక్కర్లేదు. బయటివాళ్ళకి అది ఎక్కడా చూడని యంత్రం.

పొందూరులో పత్తిని ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ చేప పళ్ళ వరస అంత సన్నగా, అంత సమంగా ఉంటుంది. చేప దవడతో దూది శుభ్రం చేసి, దాన్ని వడికి, బట్ట నేసి కట్టుకోవడం! భవిష్యత్తులో లోహం దొరకని రోజుల్లో మనుషులు ఏ పనిముట్లు చేసుకుంటారని మీ కథలో ఒక ప్రశ్న ఉంది కదా. దానికి జవాబు ఆమదాలవలస నుంచి ఆటోలో వెళ్ళేంత దూరంలో ఉంది.

మనుషుల గురించి. నా సిరీస్‌లో నౌక నడిపే మనిషి ఒక ముసలమ్మ. ముక్కుకి అడ్డబాస, చెవులు సాగి వేలాడుతూ, నోట్లో చుట్ట. ఆ చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. మన తీరంలో పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం మీరూ చూసే ఉంటారు. గాలికి నిప్పు ఆరదు, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చు. నోటి పైభాగంలో క్యాన్సరు తెచ్చే అలవాటు అది. కథలో ఆ ముసలమ్మ దగ్గుతుంది, చివరికి ఆ దగ్గే ఆమెని తీసుకుపోతుంది. ఆ పేజీలు బెంగళూరులో చూపించినప్పుడు ఒకాయన "ఏ గ్రహం ఆచారం ఇది, భలే కల్పించారు" అన్నాడు. బారువ వైపునుంచి ఒకావిడ మాత్రం "ఈమె మా నాన్నమ్మలా ఉంది" అని రాసింది. ఒకే బొమ్మ ఒకరికి దూరపు గ్రహంగానూ ఇంకొకరికి ఇంటి మనిషిగానూ కనపడింది. అలాంటి బొమ్మ దొరికేదాకా బస్టాండులో కూర్చుని గీస్తూనే ఉండండి.

మాంగా నుంచి వచ్చినవాళ్ళు తప్పక సరిచూసుకోవాల్సింది మరొకటి. మాంగా కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, తెలుగు పేజీ ఎడమ నుంచి కుడికి. మీకు తెలియకుండానే చట్రాల వరసని మార్చుకున్నారు, సంతోషం. కానీ చట్రం లోపల కదలిక ఇంకా కుడి నుంచి ఎడమకే పోతోంది. ఏడో పేజీలో పడవ ఎడమవైపుకి దూసుకుపోతోంది, పాఠకుడి చూపేమో కుడివైపుకి వస్తోంది. ఎదురు తగిలి వేగం చచ్చిపోయింది. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడో, ఓడిపోయేటప్పుడో అలా గీస్తే బాగుంటుంది. పారిపోయేటప్పుడు మాత్రం పడవ కుడివైపుకే పోవాలి. మొదట మాట్లాడే మనిషి ఎడమన ఉండాలి. అద్దంలో చూసినట్టు తిప్పి గీసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

మాటల బుడగలు. ఇక్కడ ఏ దేశం గురువూ మనకి సాయం రాడు. ఇంగ్లీషు కామిక్స్‌లో ఎక్కువగా అన్నీ పెద్దక్షరాలే, అన్నీ ఒకే ఎత్తు, వరసలు ఒకదానికొకటి అంటించి రాసేయొచ్చు. మనకి పైన గుడి, కింద ఒత్తు. వరసకీ వరసకీ మధ్య చోటు వదలకపోతే పై వరస ఒత్తు వచ్చి కింది వరస గుడి మీద కూర్చుంటుంది. పైగా మన మాటలు పొడుగు. "వెళ్ళిపోతున్నాడనుకున్నాను" అన్నదాన్ని మాంగాలో ఉండే నిలువు బుడగలో పెట్టాలంటే మూడు ముక్కలు చేయాలి, అలా చేస్తే చదవలేం. కాబట్టి బుడగలు అడ్డంగా, వెడల్పుగా ఉండాలి. ముందు మాటలు రాయండి, వాటికి చోటు వదిలి తర్వాత బొమ్మ గీయండి. మీ మనుషుల చేత మన యాస మాట్లాడించండి. "ఏటైనాది", "ఎల్తన్నాను", "సూడు" అంటే మాట చిన్నదవుతుంది, బుడగ చిన్నదవుతుంది, నౌకలో ఉన్నది మన మనిషని కూడా తెలుస్తుంది. మీ పేజీల్లో అందరూ న్యూస్ రీడర్ భాష మాట్లాడుతున్నారు. రెండు వందల ఏళ్ళ తర్వాత శ్రీకాకుళం తీరంలో ఆ భాష ఎవరు మాట్లాడతారు?

కంప్యూటర్‌లో అక్షరాలు వేస్తే ఒత్తులు విడిపోతున్నాయని రాశారు. కొన్ని డ్రాయింగ్ యాప్‌లు యూనికోడ్ తెలుగుని సరిగ్గా చూపించవు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాటలు వేసి, వాటిని పాత్‌గా (అంటే అక్షరాల్ని బొమ్మ గీతలుగా) మార్చి, ఆ బొమ్మని పేజీలోకి తెచ్చుకోండి. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో మందమైనవి కేకలకీ, సన్నవి మామూలు మాటలకీ పెట్టుకోవచ్చు. చప్పుళ్ళు మాత్రం ఫాంటుతో వేయకండి, చేత్తో గీయండి. ఫెళఫెళ, గుభేల్, బుడుంగు, సర్రున. ధ్వనిని అనుకరించే మాటలు మన భాషలో జపాన్ భాషకి తీసిపోకుండా ఉన్నాయి. మీ పేజీల్లో జపాన్ అక్షరాలు అలాగే ఉంచేశారు, అందంగా ఉన్నాయని కాబోలు. తీసేయండి. మునిగిన గుడి గోపురం విరిగేటప్పుడు "ఫెళ్ళు" అన్న అక్షరమే నిలువునా చీలినట్టు గీస్తే ఎంత బాగుంటుందో ఊహించండి.

అచ్చు గురించి క్లుప్తంగా. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు లెక్కన పెరగాలి, పదహారో ఇరవై నాలుగో పెట్టుకోండి. లేత బూడిద రంగు నీడలు మామూలు డిజిటల్ ప్రింటులో మచ్చలు పడతాయి, ఒక్కోసారి అసలు కనపడవు. గీతలతో, చుక్కలతో నీడ వేసుకోండి. అక్షరాలు ఒట్టి నలుపులో ఉండాలి, నాలుగు రంగులు కలిపిన నలుపులో ఉంటే అంచులు మసకబారతాయి. మొదటి సంచిక తక్కువ కాపీలు వేయించి చేతికిచ్చి అమ్మండి. కొన్నవాళ్ళు ఏ పేజీ దగ్గర ఆగుతున్నారో ఎదురుగా నిలబడి చూడటం ఏ వెబ్‌సైటులోనూ దొరకదు.

చివరగా, రేపటినుంచి ఏం చేయాలని అడిగారు. అకిరాలో మీకు నచ్చిన ఒక్క పేజీని నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు కాపీ చేయండి. నోటుబుక్కులో కాపీ చేయడం చదువు, దాన్ని మీ పేరుతో అచ్చు వేస్తే అది దొంగతనం. ఆ తర్వాత పుస్తకం మూసేసి, అదే చట్రాల అమరికని దిశ తిప్పి, మీ ఊరి రైల్వేస్టేషను మీదో కళింగపట్నం తీరం మీదో గీయండి. కట్టడాలకి బదులు మన కట్టడాలు, బైకుకి బదులు మన వాహనం, ఆ మొహాలకి బదులు మీ వీధి మొహాలు. వారానికి ఒకటి చాలు. ఇలా ఒతోమోతో కొన్నాళ్ళు, తర్వాత "చిత్ర"తో, తర్వాత మోబియస్‌తో.

మీ ఎనిమిది పేజీల్లో నాలుగోది, ఆ మాటలు లేని పేజీ, అస్సలు ముట్టుకోకండి. నీళ్ళ కింద ఇంటి గడపకి పసుపు ఇంకా అంటుకుని ఉన్న ఆ చట్రం ఏ మాంగాలోనూ లేదు, అది మీరే చూసి గీశారు. మూడు, ఐదు, ఏడు మళ్ళీ గీయండి. గీశాక ఇక్కడే పెట్టండి, యంత్రాల గురించి పేజీ పేజీకీ విడిగా రాస్తాను.